వెన్నుపాము గాయమైనవారి సేవాసంస్థలో బోర్డు సభ్యులుగా పనిచేయడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

తాటిచెట్టు మీద నుంచి జారిపడిన గీత కార్మికుడు, కరెంటు స్తంభం మీద నుంచి పడిన హెల్పర్, ట్రాక్టర్ బోల్తాపడి నడుము విరిగిన రైతు, బైక్ యాక్సిడెంట్‌లో మెడ దెబ్బతిన్న డిగ్రీ కుర్రాడు. మన ఊళ్లలో వెన్నుపాము గాయాల కథలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద ఆపరేషన్ అవుతుంది, కొన్నాళ్లకు డిశ్చార్జి చేస్తారు. ఇంటికి వచ్చాక మూత్రం ఎలా పోయాలి, పుండ్లు పడకుండా ఎలా చూసుకోవాలి, బాత్‌రూమ్‌కి ఎలా వెళ్లాలి అన్నది నేర్పేవాళ్లు చాలామందికి దొరకరు. ప్రపంచంలో కోటిన్నర మందికి పైగా ఈ గాయంతో బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య ఉన్న ఈ ఖాళీలో మన దగ్గర పనిచేసేవి ఎక్కువగా చిన్న స్వచ్ఛంద సంస్థలే.

అలాంటి సంస్థ నుంచి ఎవరో ఒకరు మీకు ఫోన్ చేసి "మా బోర్డులో ఉండండి సార్, మీ పేరుంటే చాలు" అని అడిగారనుకోండి. మీరు రిటైరైన బ్యాంకు ఆఫీసర్ కావచ్చు, డాక్టర్ కావచ్చు, అమెరికా నుంచి తిరిగొచ్చిన ఇంజినీరు కావచ్చు, వీల్‌చైర్ మీద ఉన్నవారే కావచ్చు. పేరు కోసమే అయితే వద్దని చెప్పండి. జీతం లేని పనే అయినా బాధ్యత మాత్రం పూర్తిగా మీదే. ఆ బాధ్యత ఎలా మోయాలో ఒక్కో అడుగుగా చెబుతాను. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి ముందే చెప్పాలి. గాయమైన మనిషి బోర్డులో కూర్చుని నిర్ణయం తీసుకోలేని సంస్థ ఎంత దయతో నడిచినా తప్పుడు పనులకే డబ్బు ఖర్చుపెడుతుంది.

మొదటి అడుగు: ఒప్పుకునే ముందు కాగితాలు చదవండి

సంస్థ ఏ చట్టం కింద నమోదైందో ముందు అడగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటివి చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీలుగా, లేదంటే ట్రస్టులుగా ఉంటాయి. కొన్ని కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీలుగా నమోదవుతాయి. సొసైటీకి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం (అంటే బోర్డు) జాబితాను రిజిస్ట్రార్‌కి పంపాలి. ఏళ్ల తరబడి ఆ జాబితా పంపని సంస్థలు బోలెడు ఉన్నాయి. మీ పేరు కాగితం మీద లేకపోతే రేపు బ్యాంకులోనూ కోర్టులోనూ ఇబ్బంది పడేది మీరే.

బైలాలు (సొసైటీ నియమావళి) లేదా ట్రస్ట్ డీడ్ (ట్రస్టు ఏర్పాటు పత్రం) మొత్తం చదవండి. కోరం (మీటింగ్ చెల్లాలంటే హాజరు కావాల్సిన కనీస సభ్యుల సంఖ్య) ఎంత, పదవీకాలం ఎన్నేళ్లు, వీడియో కాల్‌లో మీటింగ్ పెట్టవచ్చా, చెక్కుల మీద ఎవరు సంతకం పెట్టాలి, సంస్థ మూతపడితే ఆస్తి ఎవరికి వెళ్తుంది అన్నవి వెతికి చూసుకోండి. గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, మినిట్స్ బుక్ (మీటింగుల్లో ఏం జరిగిందో రాసే పుస్తకం) కూడా అడగండి. "మినిట్స్ తరవాత రాస్తాం" అన్న జవాబొస్తే ఆగి ఆలోచించండి.

ఇంకో కాగితం చాలామంది మర్చిపోతారు. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం వికలాంగుల కోసం సంస్థ నడపాలంటే రాష్ట్రంలోని అధీకృత అధికారి దగ్గర విడిగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. సొసైటీ రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, ఇది వేరు. ముఖ్యంగా రోగులను ఉంచుకుని పునరావాసం ఇచ్చే సెంటర్ ఉంటే ఈ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా ఉందో మీ కళ్లతో చూడండి.

రెండో అడుగు: వాళ్ల రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోండి

మెడిసిన్ పుస్తకాలు చదవక్కర్లేదు. కానీ కొన్ని సంగతులు తెలియకపోతే బోర్డు ముందుకొచ్చే ఖర్చుల్లో ఏది అత్యవసరమో మీకు అర్థం కాదు.

వెన్నుపాము దెబ్బతింటే నడక ఒక్కటే పోదు. స్పర్శ పోతుంది, మూత్రం, మలం మీద అదుపు పోతుంది. స్పర్శ లేని చోట ఒత్తిడి పడితే చర్మం కుళ్లుతుంది, అదే బెడ్‌సోర్. అందుకే మంచం మీద రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, కుర్చీలో కూర్చుంటే ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు బరువు పక్కకు మార్చుకోవాలి. మూత్రం కోసం చాలామంది నాలుగు నుంచి ఆరు గంటలకోసారి క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే సన్నని గొట్టం) వేసుకుంటారు, అంటే నెలకు 120 నుంచి 180 సార్లు. ఇందులో శుభ్రత తప్పితే ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్ ముదిరితే కిడ్నీలకు ముప్పు. ఛాతీ భాగంలోని ఆరో వెన్నుపూస, అంతకు పైన గాయమైనవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంటుంది. మూత్రాశయం నిండిపోయినా, మలబద్ధకమైనా, బట్టలు బిగుతైనా రక్తపోటు ఒక్కసారిగా ప్రాణం తీసేంత పెరగవచ్చు. తలపోటు, ముఖం ఎర్రబడటం దాని గుర్తులు. వెంటనే లేపి కూర్చోబెట్టి కారణం వెతికి తీసేయాలి, తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇది తెలియని సిబ్బంది ఉన్న సెంటర్‌కి మీరు బోర్డు సభ్యులైతే ఆ శిక్షణకు డబ్బు కేటాయించడమే మీ మొదటి తీర్మానం కావాలి.

చేరిన మొదటి నెలల్లోనే ఫీల్డ్ వర్కర్‌తో కలిసి కొన్ని ఇళ్లకు వెళ్లండి. ఇంటివాళ్ల అనుమతితో వెళ్లండి, దండలూ ఫొటోలూ లేకుండా వెళ్లండి. మంచం ఎత్తు ఎంతుంది, గుమ్మం దగ్గర మెట్లెన్ని, మరుగుదొడ్డి ఎంత దూరం, రాత్రి పక్కకు తిప్పేది ఎవరు అన్నది చూడండి. తిప్పేది చాలా ఇళ్లలో అమ్మో భార్యో, ఆమెకూ నడుంనొప్పి ఉంటుంది. ఆమెను కూడా పలకరించండి.

మూడో అడుగు: గాయమైనవాళ్లకే మెజారిటీ ఇవ్వండి

ఈ రంగంలో నిలబడ్డ సంస్థల చరిత్ర చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. 1965లో ఎవరెస్ట్ ఎక్కి, అదే ఏడాది పాకిస్థాన్‌తో జరిగిన యుద్ధంలో తూటా తగిలి వీల్‌చైర్‌కి పరిమితమైన మేజర్ అహ్లూవాలియా ఢిల్లీలో ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్‌ని నిలబెట్టారు. నేవీ ఆఫీసర్ల ఎంపిక పరీక్షల్లో మెడ దెబ్బతిన్న ఎస్. రామకృష్ణన్ 1981లో తమిళనాడులోని ఆయ్‌కుడి గ్రామంలో అమర్ సేవా సంగం మొదలుపెట్టారు. బ్రిటన్‌లోని స్పైనల్ ఇంజురీస్ అసోసియేషన్‌ని 1974లో స్థాపించిన బారనెస్ మాషమ్ గుర్రపు స్వారీ ప్రమాదంలో గాయపడ్డవారే. తాము పడ్డ కష్టమేంటో తెలిసినవాళ్లు కాబట్టే దేనికి ఖర్చుపెట్టాలో వాళ్లకి తెలిసింది.

సగానికి మించి సభ్యులు వెన్నుపాము గాయమైనవాళ్లే ఉండాలని బైలాల్లో రాయించండి. ఒక్కరిని పెట్టి "మా బోర్డులో వాళ్ల ప్రతినిధి ఉన్నారు" అంటే కుదరదు. ఆ ఒక్క మనిషి పదిమంది పెద్దల మధ్య నోరు విప్పలేడు. మెడ దగ్గర గాయమైనవాళ్లూ నడుం దగ్గర గాయమైనవాళ్లూ ఇద్దరూ ఉండాలి, ఎందుకంటే చేతులు ఆడేవాళ్ల అవసరాలు వేరు, ఆడనివాళ్ల అవసరాలు వేరు. ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. గాయం తరవాత భర్త వదిలేసిన మహిళ ఎదుర్కొనే ఇబ్బంది ఏ మగ సభ్యుడికీ ఊహకు రాదు. చూసుకునే కుటుంబ సభ్యులకు ఒక చోటు ఇవ్వండి. మిగతా చోట్లలో లెక్కలు తెలిసినవారు, చట్టం తెలిసినవారు, పునరావాస వైద్యం తెలిసినవారు ఒక్కొక్కరు ఉంటే చాలు.

మనుషులను ఎలా వెతకాలి? ఫిజియోథెరపిస్టులను అడగండి, వీల్‌చైర్ క్రీడలు ఆడేవాళ్లను అడగండి, ఇప్పటికే కొత్తవాళ్ల ఇళ్లకు వెళ్లి ధైర్యం చెప్పే పాత సభ్యులను చూడండి. ఇంగ్లీషు రాకపోవడం అడ్డు కాకూడదు. కాగితాలన్నీ తెలుగులో ఇవ్వండి, మీటింగ్ తెలుగులో జరపండి. పదో తరగతి దాకా చదివిన గీత కార్మికుడికి బ్యాలెన్స్ షీట్ చదవడం ఒక మధ్యాహ్నంలో నేర్పవచ్చు. చార్టర్డ్ అకౌంటెంట్‌కి రాత్రి మూడింటికి క్యాథెటర్ మూసుకుపోతే ఎలా ఉంటుందో నేర్పడం అంత తేలిక కాదు.

ఇక్కడ డబ్బు ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. బోర్డు పని ఉచితం అంటాం. కానీ నడవగలిగే సభ్యుడు బస్సులో వస్తాడు. వీల్‌చైర్ మీద ఉన్న సభ్యురాలికి కారు కావాలి, తోడుగా ఒక మనిషి కావాలి, ఆ మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకుంటాడు. ఆ ఖర్చు సంస్థే భరించాలి, రసీదుల మీద, రాతపూర్వకమైన నియమం ప్రకారం. అది జీతం కాదు. అలా చెల్లించకపోతే డబ్బున్న గాయపడ్డవాళ్లే బోర్డుకి రాగలుగుతారు.

చేతులు ఆడని సభ్యుడు కోశాధికారిగా ఉండలేడని అనేవాళ్లకు ఒక మాట. సంతకం చేయలేని ఖాతాదారుల నుంచి ఇద్దరు సాక్షుల సమక్షంలో వేలిముద్ర తీసుకోవడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనలే వీలు కల్పిస్తున్నాయి. అంతకన్నా తేలికైన దారి నెట్ బ్యాంకింగ్. ఒకరు ఎంట్రీ వేసి, మరొకరు ఆమోదించే పద్ధతి పెట్టుకుంటే నోటితో పట్టుకున్న కర్రతో ఫోన్ వాడే మనిషి కూడా ఆమోదించగలడు.

నాలుగో అడుగు: అందరూ రాగలిగే చోట, అందరూ ఉండగలిగే సమయంలో మీటింగ్ పెట్టండి

ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే రెండడుగుల ఎత్తుకు 24 అడుగుల పొడవు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా ఎత్తుకెళ్లడం ఏర్పాటు కిందకి రాదు. తలుపు వెడల్పు, టాయిలెట్‌లో కుర్చీ తిరిగే చోటు ముందురోజే చూసి రండి. వీల్‌చైర్ వెళ్లే టాయిలెట్ లేని హాలులో రెండు గంటల మీటింగ్ పెడితే, మీటింగ్‌కి వచ్చే సభ్యులు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. అది నేరుగా వాళ్ల కిడ్నీల మీద పడుతుంది.

మెడ భాగంలో గాయమైనవాళ్లకు కింది శరీరానికి చెమట పట్టదు, ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండం, ఖమ్మం వైపు మధ్యాహ్నం మీటింగ్ పెట్టడమంటే వాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే. ఎండాకాలంలో ఉదయం తొమ్మిదికి ముగించండి లేదా వీడియోలో పెట్టుకోండి. గంటకోసారి విరామం ఉండాలి.

కాగితాలు కనీసం వారం ముందు పంపండి. ప్రతి తీర్మానం పక్కన ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అన్నది రాయండి. తరవాతి మీటింగ్ దాంతోనే మొదలవ్వాలి.

ఐదో అడుగు: మీ పనికీ సిబ్బంది పనికీ మధ్య గీత గీయండి

సంస్థ ఎటు వెళ్లాలి, డబ్బు ఎక్కడికి పోవాలి, ఎవరు నడపాలి, నియమాలేంటి అన్నవి బోర్డు పనులు. ఏ ఊరికి ఏ రోజు వెళ్లాలి, ఫిజియోథెరపిస్ట్ సెలవు ఎప్పుడు అన్నవి సిబ్బంది పనులు. బోర్డు సభ్యులు ఉత్సాహం కొద్దీ నేరుగా ఫీల్డ్ వర్కర్‌కి ఫోన్ చేసి "మా బంధువుకో కుర్చీ పంపించు" అంటే అక్కడితో డైరెక్టర్ మాటకు విలువ పోతుంది. ఏం చెప్పాలన్నా అధ్యక్షుడి ద్వారా డైరెక్టర్‌కి చెప్పండి. ముగ్గురు నలుగురు సిబ్బందే ఉన్న చిన్న సంస్థలో మీరు స్వయంగా పనిచేయక తప్పకపోవచ్చు. అప్పుడు మాత్రం ఆ పని వరకు మీరు డైరెక్టర్ కింద పనిచేసే వలంటీర్ అని గుర్తుంచుకోండి.

ఆరో అడుగు: ఏమి ఇవ్వాలో, ఏమి ఇవ్వకూడదో తేల్చండి

నా దృష్టిలో బోర్డు తీసుకునే అతి పెద్ద నిర్ణయం ఇదే.

దాతలు వీల్‌చైర్లు ఇవ్వడానికి ఇష్టపడతారు. స్టేజీ మీద వరుసగా పెట్టిన కుర్చీలు ఫొటోలో బాగుంటాయి. కానీ ఆస్పత్రుల్లో రోగిని వార్డు నుంచి వార్డుకి తోసుకెళ్లే మడత కుర్చీలో రోజంతా కూర్చుంటే నడుం వంగుతుంది, పిరుదుల మీద పుండు పడుతుంది. కుర్చీ మనిషి కొలతకు ఉండాలి, దానికి తగ్గ కుషన్ ఉండాలి, వాడటం నేర్పాలి, చక్రం పాడైతే బాగుచేసేవాళ్లుండాలి. కొలతలు, కుషన్, శిక్షణ, మరమ్మతు లేకుండా కుర్చీలు పంచబోమని బోర్డు తీర్మానం చేయాలి. దాత వెనక్కి వెళ్లినా సరే. డైరెక్టర్‌ని "ఎన్ని కుర్చీలు ఇచ్చారు" అని అడగకండి. ఆరు నెలల తరవాత ఎన్ని వాడుకలో ఉన్నాయి, ఈ మూడు నెలల్లో ఎంతమందికి కొత్తగా పుండ్లు పడ్డాయి, ఎంతమంది ఇంటి గడప దాటి బయటికి వెళ్తున్నారు, ఎంతమంది మళ్లీ సంపాదిస్తున్నారు అని అడగండి. ఆ ప్రశ్నలు అడిగే బోర్డున్న చోట సిబ్బంది పని చేసే తీరే మారుతుంది.

రెండో విషయం, జీవితాంతం సాగే ఖర్చు. ఒకరికి నెలనెలా క్యాథెటర్లు ఇవ్వడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. కొత్తగా పాతిక మందిని చేర్చుకుందామని డైరెక్టర్ అడిగితే, ఈ ఏడాది ఖర్చు ఒక్కటే చూడకుండా మూడేళ్లకు ఎంతవుతుందో లెక్క కట్టి ఆమోదించండి.

మూడోది సర్టిఫికెట్లు, పింఛన్లు. ఇది చవకైన పని, ఫలితం పెద్దది. సదరం క్యాంపుకి (వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ శిబిరం) మనిషిని తీసుకెళ్లడానికి కారు ఖర్చు పెడితే ఆ సర్టిఫికెట్‌తో జీవితాంతం ఆదాయం వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఆ రెంటి మధ్య తేడా ఎంతో మీరే చూడండి. తెలంగాణలో 2023లో వికలాంగుల పింఛనును 4,016 రూపాయలకు పెంచారు. అర్హులైన ప్రతి ఒక్కరికీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని ఏడాదికోసారి లెక్క అడగండి.

నాలుగోది స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు. "లక్షల ఖర్చుతో నడిపిస్తాం" అని కొన్ని క్లినిక్‌లు ఆశ చూపిస్తాయి, కుటుంబాలు పొలం అమ్మి కడతాయి, విరాళాలు సేకరించి పెట్టమని సంస్థను అడుగుతాయి. వెన్నుపాము గాయానికి స్టెమ్ సెల్ చికిత్సను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్ (మనుషులపై చేసే వైద్య ప్రయోగం) బయట ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. అసలైన ట్రయల్‌లో పాల్గొనేవారి నుంచి డబ్బు తీసుకోరు. ఇలాంటి వాటికి సంస్థ డబ్బు ఇవ్వదు, ప్రచారం చేయదు అని ముందే రాసి పెట్టుకోండి. కన్నీళ్లతో ఒక తల్లి ఎదురుగా కూర్చున్నప్పుడు నియమం రాయడం మొదలుపెడితే ఎవరి వల్లా కాదు. నియమంతో పాటు, ఆమెతో కూర్చుని మాట్లాడే అనుభవజ్ఞుడైన తోటి సభ్యుడిని కూడా ఏర్పాటు చేయండి.

నివారణ గురించీ ఆలోచించండి. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షక కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చెట్టు మీద నుంచి పడి గాయమైన మీ సభ్యుడే ఊరికి వెళ్లి కిట్ వాడమని చెబితే ఆ మాటకుండే బరువు వేరు.

ఏడో అడుగు: డబ్బు విషయంలో మొహమాటం వద్దు

రెండు సంతకాలు లేకుండా డబ్బు కదలకూడదు. ఖాళీ చెక్కు మీద సంతకం ఎప్పుడూ పెట్టకండి, స్థాపకుడు ఎంత మంచివాడైనా సరే. ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిల్వ పెట్టుకోండి. మూడు నెలలకోసారి బడ్జెట్‌నీ అసలు ఖర్చునీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆదాయపన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లను అందరూ 12ఏబీ (సంస్థ ఆదాయానికి), 80జీ (దాత విరాళానికి) అంటారు. కొత్త ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి గడువులూ ఫారాలూ ఆడిటర్ చేత రాతపూర్వకంగా తీసుకోండి. అసలు సూత్రాలు గుర్తుంచుకోండి. ఏడాది ఆదాయంలో 85 శాతం సంస్థ లక్ష్యాల మీద ఖర్చుపెట్టాలి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి దాతకు పన్ను మినహాయింపు రాదు. ట్రస్టీలకూ వాళ్ల బంధువులకూ సంస్థ డబ్బుతో లాభం చేకూరితే మినహాయింపుకే ఎసరొస్తుంది. కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు కావాలంటే కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారంతో నమోదు కావాలి.

మన సంస్థలు తరచూ చిక్కుకునేది విదేశీ విరాళాల దగ్గర. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మేనల్లుడు డబ్బు పంపుతానంటాడు. అతని దగ్గర భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే కార్డు) మీద ఉంటే మాత్రం విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తరవాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలి, పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. రిజిస్ట్రేషన్ లేని సంస్థ "మనవాడే కదా" అని తీసుకుంటే అది నేరం. విదేశం నుంచి వచ్చే ప్రతి విరాళానికీ పాస్‌పోర్టు కాపీ అడిగే పద్ధతి పెట్టండి. మేనల్లుడు నొచ్చుకోడు, కారణం చెబితే అర్థం చేసుకుంటాడు.

ఎనిమిదో అడుగు: సొంత లాభం ఉన్నచోట బయటికి వెళ్లండి

బోర్డులోని సర్జన్ తన ఆస్పత్రికే రోగులను పంపమంటాడు. ఇంకొకరి తమ్ముడికి వైద్య పరికరాల షాపు ఉంటుంది. మంచి మనుషులే, దురుద్దేశం ఉండక్కర్లేదు. ఏటా ప్రతి సభ్యుడూ తనకూ తన కుటుంబానికీ ఉన్న వ్యాపారాలు రాసివ్వాలి. ఆ విషయం చర్చకొచ్చినప్పుడు గదిలోంచి వెళ్లిపోవాలి, వెళ్లినట్టు మినిట్స్‌లో రాయాలి. గాయమైన సభ్యులకూ ఇదే వర్తిస్తుంది. తనకు కుర్చీ కావాలంటే అందరిలాగే వరుసలో దరఖాస్తు పెట్టుకోవాలి.

తొమ్మిదో అడుగు: మనిషి గౌరవాన్ని కాపాడండి

పుండ్ల ఫొటోలు, యూరిన్ బ్యాగ్ కనిపించే ఫొటోలు, ఏడుస్తున్న ముఖాలు విరాళాల కోసం వాడకూడదని తీర్మానించండి. అనుమతి తెలుగులో రాసి, చదివి వినిపించి తీసుకోవాలి, వద్దంటే సేవ ఆగదని చెప్పాలి. ఒంటిని ఇతరులు తాకితే తప్ప రోజు గడవని మనుషులు వీళ్లు. వేధింపు జరిగితే ఎవరికి చెప్పాలో ప్రతి ఒక్కరికీ తెలియాలి, ఆ ఫిర్యాదు డైరెక్టర్‌ని దాటి నేరుగా ఒక మహిళా బోర్డు సభ్యురాలికి చేరే దారి ఉండాలి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ తప్పనిసరి.

చివరి అడుగు: దిగిపోవడం

మూడేళ్ల పదవీకాలం, వరుసగా రెండుసార్లకు మించి వద్దు అన్న నియమం చాలా సంస్థలకు సరిపోతుంది. స్థాపకుడికి కూడా వర్తించాలి, కావాలంటే తరవాత సలహాదారుగా ఉండవచ్చు. దిగడానికి ఏడాది ముందే మీ చోటుకు రాగల మనిషిని మీటింగులకు పిలవడం మొదలుపెట్టండి. రాజీనామా రాతపూర్వకంగా ఇచ్చి తీర్మానం చేయించండి. బ్యాంకులో సంతకాలు మార్పించండి. ఆదాయపన్ను పోర్టల్, ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్) లాగిన్లలో మీ ఫోన్ నంబరు తీసేసి కొత్తవారిది పెట్టించండి. విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ ఉంటే సభ్యుల మార్పును కేంద్ర హోంశాఖకు తెలియజేయాలి. రిజిస్ట్రార్ దగ్గర జాబితా మారినట్టు రసీదు తీసుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.